రక్తపు బొట్టులోని వ్రాత
(పంచాయతి సభ్యులు తెలిసికొనదగిన సంగతులు)

2023వ సంవత్సరము జూలై 1వ తేదీన మధ్యప్రదేశ్ రాష్ట్రములోని షాడోల్‌లో సికిల్ సెల్ రక్తహీనతా నిర్మూలన జాతీయ కార్యక్రమము ప్రారంభింపబడినది. గిరిజనులు హెచ్చుగా నివసించు 17 రాష్ట్రములలో నలువది ఏండ్ల లోపు వయస్సు గల ఏడు కోట్ల మంది రక్తమును పరీక్షించుట దాని మొదటి పని. 2047 నాటికి ఈ వ్యాధి ప్రజారోగ్యమునకు సమస్యగా మిగులకుండ చేయుట దాని గమ్యము. ఆ 17 రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండును చేరి యున్నవి. ఆదిలాబాదు గూడెములలోను, భద్రాచలము చుట్టుపట్ల ఊళ్ళలోను, పాడేరు మన్యములోను ఆరోగ్య సిబ్బంది పిల్లల వ్రేలి కొసల నుండి రక్తపు బొట్టు తీసికొనుటను పలువురు సభ్యులు స్వయముగ చూచియే యుందురు.

అట్టి సమయమున గ్రామస్థుడు వైద్యుని అడుగుటకు జంకును. తన వార్డు సభ్యుని అడుగుటకు మాత్రము జంకడు. "ఈ రక్తము ఎందులకు? ఎక్కడికి పోవును? దానిలో ఏమి చూతురు? చూచినది ఎవరికి చెప్పుదురు?" ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము తెలియని సభ్యుడు "ప్రభుత్వము వారి పని, ఇయ్యవలసినదే" అని ఊరకుండును. తెలిసిన సభ్యుడు అనవసరమైన భయమును పోగొట్టగలడు, భయపడవలసిన చోట హెచ్చరింపను గలడు. మొదటి మూడు ప్రశ్నలకు విజ్ఞానశాస్త్రము బదులు చెప్పును. నాల్గవ దానికి శాస్త్రమొక్కటియే బదులు చెప్పజాలదు. అది న్యాయమునకు, ఊరి మర్యాదకు సంబంధించినది. ఈ వ్యాసమున దానికే ఎక్కువ చోటీయబడినది.

మూడు వందల కోట్ల అక్షరములు

మన శరీరము కంటికి కనబడని కణములతో కట్టబడినది. ఎర్ర రక్తకణముల వంటి కొన్నింటిని విడిచినచో, ప్రతి కణములోను గింజ వంటి కేంద్రకమొకటి, ఆ కేంద్రకములో 23 జతల క్రోమోసోములు ఉండును. జతలో ఒకటి తండ్రి నుండియు ఒకటి తల్లి నుండియు సంక్రమించినవి. ప్రతి క్రోమోసోములోను పురి పెట్టిన రెండు పేటల త్రాడు వంటి డి.ఎన్.ఏ. అను పదార్థము కలదు. ఆ త్రాడు పొడవునను నాలుగే నాలుగు రసాయన ద్రవ్యములు వేరువేరు వరుసలలో కూర్చబడి యున్నవి. శాస్త్రజ్ఞులు వానిని ఏ, టి, జి, సి అను అక్షరములతో గుర్తింతురు. తల్లిదండ్రులలో ఒక్కొక్కరి నుండి మనకు వచ్చు అక్షరములు సుమారు మూడు వందల కోట్లు. ఈ మొత్తము వ్రాతకే జీనోము అని పేరు.

మూడు వందల కోట్లనగా ఎంత? పుటకు 1,500 అక్షరముల చొప్పున అచ్చు వేసినచో ఇరువది లక్షల పుటలగును. 500 పుటల పుస్తకములుగా కుట్టినచో నాలుగు వేల పుస్తకములగును. పెక్కు శాఖా గ్రంథాలయములలో అన్ని పుస్తకములుండవు. నిద్రాహారములు మాని సెకనుకొక అక్షరము చొప్పున చదువువానికి 95 ఏండ్లు పట్టును.

ఇంత గ్రంథములో ఒక్క అక్షరము మారినచో ఏమగును? చాల చోట్ల ఏమియు కాదు. ఏ ఇద్దరి గ్రంథములను పోల్చి చూచినను వేయింటికి ఒకటి చొప్పున అక్షరభేదము లుండనే యుండును. కాని కొన్ని చోట్ల ఒక్క అక్షరముతో అర్థము తలక్రిందులగును. "పాలు" అని వ్రాయవలసిన చోట "పాము" అని వ్రాసినట్లగును. శరీరమునకు కావలసిన మాంసకృత్తులను తయారుచేయు విధానము చెప్పు భాగములను జన్యువులందురు. అవి సుమారు 20,000. అక్షరముల లెక్కలో అవి నూటికి రెండు కూడ కావు. తక్కిన భాగమును ఒకప్పుడు కొందరు చెత్త అనిరి. తొందరపడి అన్న మాట అది. ఏ జన్యువు ఎప్పుడు, ఎంత పని చేయవలెనో నిర్ణయించు ఆజ్ఞలు పెక్కు అందులోనే ఉన్నవని పిమ్మట తేలినది.

ఈ గ్రంథమును మొదటి నుండి తుది వరకు చదువు ప్రయత్నము 1990 అక్టోబరులో ఆరంభమైనది. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్సు, జర్మనీ, జపాను, చైనా దేశముల శాస్త్రజ్ఞులు పని పంచుకొనిరి. చిత్తుప్రతి సిద్ధమైనదని 2000 జూన్ 26న ప్రకటించిరి. పని ముగిసినదని 2003 ఏప్రిలులో చెప్పిరి. అయిన వ్యయము సుమారు 270 కోట్ల డాలర్లు. నిజమునకు అప్పటికిని నూటికి ఎనిమిది వంతులు చదువ వీలుగాక మిగిలి యుండెను. ఒకే మాట వేలమార్లు తిరిగి తిరిగి వచ్చు భాగము లవి. ఆ లోటు 2022లో పూడినది.

చదివిన విధము చిత్రమైనది. ఒక తాళపత్ర గ్రంథము యొక్క పది ప్రతులను ఎవరో అడ్డదిడ్డముగ చించి ముక్కలు చేసిరనుకొందము. ఒక ప్రతి చినిగిన చోటనే మరొక ప్రతి చినుగదు గనుక, ఒక ముక్క చివరి మాటలు మరొక ముక్క మొదటి మాటలతో కలియును. ఆ కలిసిన చోట్లను పట్టి అమర్చుకొనుచు పోయినచో గ్రంథము తిరిగి నిలుచును. డి.ఎన్.ఏ.ను ఇట్లే ముక్కలు చేసి యంత్రములతో చదివిరి, కంప్యూటర్లతో కూర్చిరి. నాడు పదుమూడేండ్లు పట్టిన పని నేడు ఒకటి రెండు దినములలో, వేయి డాలర్లకు లోపుననే జరుగుచున్నది.

ఆ శాస్త్రజ్ఞులు చేసిన ఒక నిర్ణయము మెచ్చదగినది. 1996లో బెర్ముడా దీవిలో సమావేశమై, తాము చదివిన అక్షరములను వీలైనంత వరకు 24 గంటలలో లోకమునకెల్ల ఉచితముగ వెల్లడింతుమని వారు కట్టడి చేసికొనిరి. అయినను జన్యువులను సొంత ఆస్తిగా చేసికొనుటకు ప్రయత్నములు జరుగకపోలేదు. రొమ్ము కాన్సరుతో సంబంధము గల రెండు జన్యువులపై అమెరికాలో ఒక కంపెనీ పేటెంటు సంపాదించెను. ప్రకృతిసిద్ధమైన డి.ఎన్.ఏ.పై పేటెంటు చెల్లదని 2013 జూన్‌లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

మన దేశములో సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ వేయి మందికి పైగా భారతీయుల జీనోములను చదివి 2019లో ప్రకటించినది. 2020లో కేంద్ర జీవసాంకేతిక శాఖ మంజూరు చేసిన జీనోమ్ ఇండియా పథకము క్రింద ఇరువది సంస్థలు కలిసి పదివేల మంది జీనోములను చదివినవి. 2025 జనవరి 9న ఆ సమాచారము పరిశోధకులకు అందుబాటునకు తేబడినది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రము ఈ రెండు పనులలోను పాలు పంచుకొన్నది. ఐరోపావారి రక్తమును చదివి తెలిసికొన్న సంగతులు మన వారికి అన్నియు వర్తింపవు గనుక ఈ పని మనము చేసికొనవలసినదే.

ఒక్క అక్షరపు వ్యాధి

సికిల్ అనగా కొడవలి. ఎర్ర రక్తకణములలో ప్రాణవాయువును మోయు పదార్థము హిమోగ్లోబిను. దానిని తయారుచేయు జన్యువులలో ఒకటి 11వ క్రోమోసోముపై నున్నది. ఆ జన్యువులో ఒకానొక చోట ఏ ఉండవలసి యుండగా కొందరిలో టి ఉన్నది. అంతియే తేడా. ఆ తేడా గల హిమోగ్లోబిను ప్రాణవాయువును విడిచినప్పుడు గట్టిపడి కడ్డీలు కట్టును. గుండ్రముగ మెత్తగ నుండవలసిన కణము కొడవలివలె వంగిపోవును. సన్నని రక్తనాళములలో అట్టి కణములు చిక్కుకొని, కాలువకు పూడు పడినట్లు, రక్తమును అడ్డగించును. అప్పుడు ఎముకలలో, కడుపులో, రొమ్ములో భరింపరాని నొప్పులు పుట్టును. మామూలు కణము నాలుగు మాసములు బ్రతుకగా కొడవలి కణము పది ఇరువది దినములకే నశించును. అందువలన రక్తము తరిగి రోగి పాలిపోవును.

బిడ్డ పుట్టిన వెంటనే ఈ జాడలు కానరావు. గర్భములో ఏర్పడిన వేరు రకపు హిమోగ్లోబిను కొన్ని మాసములు కాపాడును. ఆరు మాసములు దాటిన పిదప చేతులు, కాళ్ళు వాచి బిడ్డ గుక్కపట్టి ఏడ్చును. గాలి సోకినదని తాయెత్తు కట్టించి కాలము గడుపు తల్లిదండ్రులు నేటికిని ఉన్నారు. అట్టి బిడ్డకు జ్వరము వచ్చినచో ఆ దినముననే ఆసుపత్రికి చేర్చవలెను. నీరు బాగుగ త్రాగించవలెను. టీకాలు తప్పరాదు. వైద్యుని పర్యవేక్షణలో వాడు హైడ్రాక్సీయూరియా అను మందు నొప్పుల మార్లను తగ్గించును. ఆ మందు ఖరీదైనది కాదు.

ఇప్పుడు వంశము సంగతి. ప్రతి జన్యువునకు మనలో రెండు ప్రతులు, తండ్రిదొకటి తల్లిదొకటి, ఉండునని పైన చెప్పితిమి. రెండు ప్రతులలోను తప్పున్న వాడు రోగి. ఒక ప్రతిలో మాత్రమే తప్పున్న వాడు వాహకుడు. వాహకుడు రోగి కాడు. నాగలి పట్టును, బరువు మోయును, నిండు నూరేండ్లు బ్రతుకును. వాహకుడు వాహకురాలు కాని స్త్రీని పెండ్లాడినచో వారి పిల్లలలో ఎవరికిని వ్యాధి రాదు. వాహకులిద్దరు దంపతులైనచో మాత్రము ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు రోగి పుట్టుటకు, రెండు వంతులు వాహకుడు పుట్టుటకు, ఒక వంతు ఏ తప్పును లేని బిడ్డ పుట్టుటకు అవకాశము. ఇక్కడ చదువుకొన్న వారు కూడ పొరబడుదురు. ఒక బిడ్డకు వ్యాధి వచ్చినది గనుక తరువాతి ముగ్గురికి రాదని తలచుట పొరబాటు. ప్రతి కాన్పునకును చీటీ క్రొత్తగ తీసినట్లే.

ఇంత బాధ పెట్టు అక్షరము తరతరములుగ ఎట్లు నిలిచినది? దానికి కారణము దోమ. వాహకుని రక్తములో మలేరియా పురుగు బాగుగ వృద్ధి పొందలేదు. మలేరియా ప్రబలిన అడవులలో వాహకులైన పిల్లలు తక్కిన పిల్లలకన్న ఎక్కువగ బ్రతికి బట్టకట్టిరి. 1954లో ఆలిసన్ అను వైద్యుడు తూర్పు ఆఫ్రికాలో ఈ సంగతి కనుగొనెను. ఇట్టి సంబంధమును థలసీమియా అను మరొక రక్తవ్యాధి విషయమున 1949లోనే ఊహించినవాడు జె.బి.ఎస్. హాల్డేన్. ఆయన తరువాత భారత పౌరుడై 1964లో భువనేశ్వరములో మరణించెను. మన దేశములో సికిల్ సెల్ జాడ మొదట 1952లో నీలగిరి కొండజాతులలో తెలియవచ్చినది. కనుక వాహకత్వము ఏ జాతికిని కళంకము కాదు. అది ఆ జాతి పూర్వులు మలేరియాతో చేసిన పోరాటపు గుర్తు.

సభ్యులు మరచిపోరాని సంగతి మరొకటి. శిబిరములో జరుగునది జీనోము పఠనము కాదు. రక్తములోని హిమోగ్లోబిను రకమును మాత్రమే అక్కడ చూతురు. నాలుగు వేల పుస్తకములలో ఒక్క పంక్తికి సంబంధించిన పరీక్ష అది. "మా వంశ రహస్యములన్నియు వ్రాసికొని పోయిరి" అని భయపడువారికి ఈ మాట చెప్పవలెను. కాని అదే రక్తమును వేరొక పరిశోధనకు దాచి యుంచుదుమని ఎవరైన చెప్పినచో అది వేరు సంగతి. దానిని గురించి ముందు వ్రాయుదుము.

జన్యువునే సవరించి ఈ వ్యాధిని నయము చేయు చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతి నిచ్చినవి. అమెరికాలో దాని వెల మనిషికి 22 లక్షల డాలర్లు. గొప్ప విజయమే, సందేహము లేదు. అయినను మన ఉపకేంద్రములో మాత్ర తప్పక దొరకుట, రాత్రివేళ వాహనము తప్పక వచ్చుట మన రోగులకు ప్రస్తుతము అంతకంటె అక్కరకు వచ్చునని మా అభిప్రాయము.

మేనరికములు, శాఖలు

గిరిజనేతర గ్రామముల సభ్యులు ఇది తమకు పట్టని సంగతి అని పుట త్రిప్పవలదు. మేనమామను, మేనత్త కొడుకును పెండ్లాడుట మన ప్రాంతములలో చిరకాలపు ఆచారము. ఆస్తి చెదరదు, పిల్ల కంటి ఎదుట నుండునని పెద్దలు తలతురు. ఆ తలంపును ఎగతాళి చేయుట తగదు. కాని లెక్క లెక్కయే. అత్త, మామల బిడ్డల జన్యువులలో ఎనిమిదవ వంతు, మేనమామ, మేనకోడళ్ళ జన్యువులలో నాల్గవ వంతు ఒకే పూర్వుల నుండి వచ్చినవి. అందుచేత తాత వద్దనో అవ్వ వద్దనో దాగియున్న ఒకే తప్పు అక్షరము దంపతులిద్దరిలోను ఉండుటకు అవకాశము హెచ్చును. మేనరికము చేసికొన్న వారి పిల్లలలో పెక్కుమంది ఆరోగ్యవంతులే. అయినను కుటుంబములో చెవిటితనము, మందబుద్ధి, పసితనపు మరణములు ఇదివరకే కనబడి యున్నచో అట్టి సంబంధము కలుపుకొనుటకు ముందు వైద్యుని సంప్రతించుట మంచిది.

దగ్గరి సంబంధము కాకున్నను, ఒకే శాఖలో వందల ఏండ్లు ఇచ్చి పుచ్చుకొన్నందున ఇట్టి ఫలితమే కలుగును. సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు విదేశ శాస్త్రజ్ఞులతో కూడి దక్షిణాసియాలోని 263 సముదాయములను పరిశీలించి 2017లో ఒక వ్యాసము ప్రకటించిరి. వానిలో 81 సముదాయములు కొద్దిపాటి పూర్వుల నుండి పెరిగినవని, అట్టివానిలో ప్రత్యేకమైన జన్యువ్యాధులను వెదుకదగునని అందు చెప్పిరి. వారు చూపిన దృష్టాంతములలో ఆంధ్రదేశపు వైశ్య సముదాయ మొకటి. శస్త్రచికిత్సకు ముందు కండరములు సడలుటకు స్కోలీన్ అను మందు నిత్తురు. రక్తములోని ఒక ఎంజైము దానిని కొద్ది నిమిషములలో విరిచివేయును. ఈ సముదాయములో కొందరికి, ఇతరులకన్న హెచ్చుగ, ఆ ఎంజైము లోపించి యుండును. అట్టివారికి మందు దిగక కొన్ని గంటల వరకు ఊపిరి తీయుట సాధ్యము కాదు. ముందుగ తెలిసినచో మత్తువైద్యుడు వేరొక మందు వాడును, అంతటితో ప్రమాదము తప్పును. ఎవరి పెండ్లికిని అడ్డు రాక, ఎవరిని చిన్నబుచ్చక ప్రాణము కాపాడు జ్ఞానము ఇట్టిది.

అన్నియు ఇంత సులభములు కావు. గుండె కండరమునకు సంబంధించిన జన్యువొకదానిలో 25 అక్షరములు లోపించుట మన దేశీయులలో నూటికి నలుగురిలో ఉన్నదని సి.సి.ఎం.బి. వారు పాలుపంచుకొన్న పరిశోధనలో 2009లో తేలినది. అది ఉన్నవారికి నడివయస్సు దాటిన పిదప గుండెజబ్బు వచ్చు అవకాశము హెచ్చు. హెచ్చు అనగా వచ్చి తీరునని కాదు. ఇట్టి మాట చెప్పించుకొన్న ముప్పది ఏండ్ల యువకుడు ఏమి చేయవలెను? అతనికి ఆరోగ్య బీమా కంపెనీ ఏమి చెప్పును? జన్యు సంబంధమైన వ్యాధి అని పేరు పెట్టి బీమా సొమ్ము నిరాకరించుట వివక్ష యగునని 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ఒక గుండెజబ్బు రోగి వ్యాజ్యములో అభిప్రాయపడినది. అమెరికాలో 2008లో ఒక చట్టము చేసి, ఆరోగ్య బీమాలోను, ఉద్యోగములలోను జన్యు సమాచారమును బట్టి భేదము చూపరాదని విధించిరి. జీవిత బీమాకు ఆ చట్టము వర్తింపదు. ఈ చిక్కు పెద్ద దేశములలోను పూర్తిగ విడలేదు.

ఎవరికి చెప్పవలెను?

గ్రీసు దేశములో ఆర్కొమెనోస్ అను గ్రామము కలదు. అక్కడ నూటికి సుమారు 23 మంది సికిల్ సెల్ వాహకులు. వైద్యులు ఊరందరిని పరీక్షించి, ఎవరు వాహకులో వారికి చెప్పి, వాహకులు వాహకులను పెండ్లాడవలదని ఉపదేశించిరి. సదుద్దేశముతోనే చేసిరి. కొన్ని ఏండ్ల తరువాత తిరిగి వచ్చి చూడగా, వాహకులను ఊరు చులకనగ చూచుచుండెను. పెండ్లి సంబంధము తప్పిపోవునను భయముతో కొందరు తమ సంగతి దాచిరి. వాహకులిద్దరు దంపతులగుట ఉపదేశము లేకున్న ఎంత జరిగెడిదో అంతయు జరిగియే యుండెను. ఫలితమును 1974లో ప్రకటించిరి. వ్యాధి తగ్గలేదు, అపకీర్తి మాత్రము క్రొత్తగ పుట్టినది.

అమెరికాలో 1970 తరువాత నల్లజాతివారిని విస్తారముగ పరీక్షించినప్పుడు రోగికిని వాహకునికిని భేదము తెలియక కొందరికి ఉద్యోగములు నిరాకరించిరి, కొందరిపై బీమా రుసుము పెంచిరి. ఆ దేశపు వైమానిక దళ విద్యాలయము 1981 వరకు వాహకులను చేర్చుకొనలేదు.

సైప్రస్ దీవివారు వేరు మార్గము త్రొక్కిరి. అక్కడ సుమారు ఏడుగురిలో ఒకరు థలసీమియా వాహకులు. వివాహమునకు ముందు వధూవరులు పరీక్ష చేయించుకొన్నట్లు, సలహా పొందినట్లు ధ్రువపత్రము తేవలెనని ఆ దేశపు క్రైస్తవ మఠాధిపతులు నియమము చేసిరి. ఆ పత్రముపై ఫలితముండదు. పరీక్ష జరిగినదని మాత్రమే యుండును. పెండ్లాడుటయో మానుటయో ఆ ఇద్దరి ఇష్టము. పెక్కు జంటలు పెండ్లాడియే, గర్భములోని శిశువును పరీక్షింపజేసికొనిరి. వ్యాధితో పుట్టు బిడ్డల సంఖ్య కొద్ది ఏండ్లలో దాదాపు సున్నకు దిగినది. గర్భము నిలుపుకొనుట, మానుట అనునది హృదయమును కోయు ప్రశ్న. దానికి ఊరు సమాధానము చెప్పరాదు. మన దేశములోను వంశవ్యాధుల కొరకు గర్భస్థ పరీక్షకు చట్టము అనుమతి నిచ్చుచున్నది. ఆ పరీక్ష పేరిట ఆడ, మగ తేడా చెప్పుట మాత్రము 1994 నాటి చట్టము ప్రకారము నేరము.

ఆర్కొమెనోస్, సైప్రస్‌లలో వ్యాధులు వేరైనను శాస్త్రమొకటియే. ఊరి చేతిలోనికి ఏమి పోయినది, ఏమి పోలేదు అను దానియందే ముఖ్యమైన తేడా ఉన్నది. మన ఊళ్ళలో ఆడపిల్ల పేరు ఒకసారి జాబితా కెక్కినచో, "వాహకురాలు" అను మాట మూడవ ఇంటికి చేరునప్పటికి "రోగి" అగును, పది ఇండ్లు దాటునప్పటికి "ఆ వంశమే అంత" అగును. మగపిల్లవానికి అదే పేరు పడినను కట్నము కొంత తగ్గుటతో పోవును. ఈ మాట కటువుగ నున్నను నిజము.

మరొక కథ పంచాయతులకు మరింత దగ్గరిది. అమెరికాలోని అరిజోనా రాష్ట్రములో, గ్రాండ్ కాన్యన్ అను లోయ అడుగున హవాసుపాయి అను చిన్న తెగ కలదు. వారిలో మధుమేహము విపరీతము. దాని కారణము కనుగొందుమని 1990 మొదలు అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయపు పరిశోధకులు వారి రక్తము సేకరించిరి. అదే రక్తముతో మనోవ్యాధులను గురించియు, ఆ తెగలోని దగ్గరి సంబంధములను గురించియు, వారి పూర్వులు ఆసియా నుండి వలస వచ్చుటను గురించియు పరిశోధనలు సాగినవి. ఆ తెగవారి నమ్మకము ప్రకారము వారు ఆ లోయలోనే పుట్టినవారు. 2003లో ఆ తెగకు చెందిన ఒక స్త్రీ విశ్వవిద్యాలయములో ఒక ఉపన్యాసము వినుచు, తమ రక్తమును గురించియే మాట్లాడుచున్నారని గ్రహించి, అనుమతి ఎవరిచ్చిరని లేచి అడిగెను. వ్యాజ్యము నడిచినది. 2010 ఏప్రిలులో రాజీ కుదిరి, 41 మందికి కలిపి ఏడు లక్షల డాలర్లు చెల్లించిరి. మిగిలిన రక్తమును తెగవారు తమ లోయకు తిరిగి తెచ్చుకొనిరి. పరిశోధకులు సంతకములు తీసికొనకపోలేదు. కాని కాగితముపై వ్రాసిన దానికిని ప్రజలకు నోట చెప్పిన దానికిని పొంతన లేకపోయినది.

మన దేశములో భారత వైద్య పరిశోధనా మండలి 2017లో ప్రకటించిన నైతిక నియమములలో ఇందుకు జవాబు కలదు. పరిశోధనకై రక్తము నిచ్చువానికి ఎందులకో అతనికి తెలిసిన భాషలో చెప్పవలెను. అతడు ఒప్పుకొని సంతకము చేయవలెను. వలదనుకొన్న దినమున విరమించుకొను హక్కు అతనికుండవలెను. ఊరి పెద్దల అనుమతి అవసరమైన చోట దానిని పొందవలెను. అయితే పెద్దలు సరే ననుటతో వ్యక్తి యొక్క అంగీకారము వచ్చినట్లు కాదు. సర్పంచి సంతకముతో ఊరందరి రక్తము నిచ్చుటకు వీలులేదని దీని భావము. ఒకరి జీనోము అతనిది మాత్రమే కాదని కూడ గుర్తింపవలెను. అన్నగారి వ్రాత చదివినచో తమ్మునిది సగము తెలియును, పుట్టబోవు పిల్లలది కొంత తెలియును. పొలము అడంగలులో వ్రాసిన దానిని అందరు చూడవచ్చును. ఇది అట్టి దస్తావేజు కాదు.

శిబిరము వచ్చు వారము

శిబిరము తేదీ తెలిసిన వెంటనే ఆరోగ్య కార్యకర్తను, ఆశా కార్యకర్తను గ్రామసభకు పిలిపించి, రోగి ఎవరో వాహకుడెవరో భేదమును ప్రజల ఎదుట చెప్పించవలెను. కోయ, గోండి, సవర మాటలాడు చోట్ల ఆ భాషలోనే చెప్పించవలెను. తెలుగులో విని తల ఊపుట అంగీకారము కాదు. పరీక్ష కొరకు మాత్రమేనా, పరిశోధన కొరకు కూడ రక్తము దాతురా అని సభలో బాహాటముగ అడుగవలెను. పరిశోధన కొరకైనచో ఏ సంస్థ, ఏ నైతిక సంఘపు అనుమతి, మిగిలిన రక్తము ఏమగును, ఫలితము తిరిగి ఊరికి చెప్పుదురా అని అడిగి, జవాబులను సభా తీర్మానముల పుస్తకములో వ్రాయించవలెను. మంచి పరిశోధకుడు ఈ ప్రశ్నలకు నొచ్చుకొనడు. పరీక్షకు రానివారి రేషను, పింఛను ఆపుదుమని బెదరించుట ఎవరికిని తగదు.

రోగులుగ తేలినవారికి 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము వర్తించును. ఆ చట్టములోని 21 వైకల్యములలో సికిల్ సెల్ వ్యాధి, థలసీమియా, హీమోఫీలియాలు చేరి యున్నవి. ధ్రువపత్రము కొరకు వారిని జిల్లా ఆసుపత్రికి పంపుటలో సభ్యులు తోడ్పడవచ్చును. వాహకులకు ఈ చట్టము వర్తింపదు, వారికది అక్కరయు లేదు.

ఫలితమును తెలుపు కార్డును, వయస్సు వచ్చిన వారికి వారి చేతికే, పిల్లలదైనచో తల్లిదండ్రుల చేతికి ఇయ్యవలెను. పెండ్లి మాటలప్పుడు దానిని చూపుటయో మానుటయో వారి ఇష్టము. ఆ జాబితాను బడి గోడకు అంటించుట, చావడిలో చదువుట, ఫోనులలోని ఊరి బృందములకు పంపుట కూడదని శిబిరమునకు ముందే తీర్మానించుట మంచిది. కార్డు నకలు పంచాయతి కార్యాలయమునకు అక్కరలేదు. ఎంతమందిని పరీక్షించిరి, ఎంతమందికి మందు మొదలైనది, ఎంతమంది ఇంకను రావలసి యున్నారు అను మూడు అంకెలు మాత్రము ప్రతి మాసము ప్రాథమిక ఆరోగ్య కేంద్రము నుండి తెప్పించుకొని సభలో చదివించవలెను.